‘చెయ్యిలు’ ఎవరు నేర్పారు?

చెయ్యి ఒకటి, చేతులు రెండు. గొయ్యి ఒకటి, గోతులు నాలుగు. నుయ్యి, నూతులు. ఆ ‘య్యి’ ఎటు పోతుందో, ‘తు’ ఎక్కణ్ణుంచి వస్తుందో మనం ఏనాడూ ఆలోచించం. నోరు దానంతటదే తిరుగుతుంది. మా ఇంట్లో ఈమధ్యే రెండేళ్ళు నిండిన అమ్మాయి మాత్రం నల్లా దగ్గర్నుంచి వచ్చి, తడి అరచేతులు రెండూ నా ముందు చాచి, “బాపూ, చెయ్యిలు కడుక్కున్న” అంటుంది.

ఆ మాట తనకు ఎవరు నేర్పారు? నేను ఎప్పుడూ అనలేదు, వాళ్ళమ్మ అనలేదు. ఆసిఫాబాద్ పక్క పల్లె నుంచి వచ్చి మా దగ్గర నాలుగు నెలలుండి వెళ్ళిన నాయినమ్మా అనలేదు. పక్క క్వార్టర్‌లో ఉండే మరాఠీ ఆజీకి, అంటే అవ్వకు, తెలుగే రాదు. విన్నది విన్నట్టు అప్పజెప్పే చిలకైతే ఈ తప్పు చెయ్యదు. కుక్క–కుక్కలు, బొమ్మ–బొమ్మలు, బండి–బండ్లు అని విని విని, ఒకటికి మించితే చివర ‘లు’ రావాలన్న సూత్రాన్ని తనంతట తనే పట్టుకుంది. పట్టుకున్నదాన్ని కనిపించిన ప్రతి మాటకూ తగిలిస్తోంది. ఆ సూత్రానికి మినహాయింపులున్నాయన్న కబురు ఇంకా చేరలేదు, అంతే.

1958లో జీన్ బెర్కో అనే అమెరికన్ పరిశోధకురాలు సరిగ్గా ఈ సంగతినే పరీక్షకు పెట్టింది. పిట్టలాంటి ఒక వింత జీవిని గీసి “ఇది వగ్” అని పిల్లలకు చూపించింది. తర్వాత అలాంటివే రెండు చూపించి, “ఇప్పుడు రెండున్నాయి. ఇవి రెండు...” అని ఆపేసింది. నాలుగు నుంచి ఏడేళ్ళ లోపు పిల్లల్లో ఎక్కువమంది తడుముకోకుండా “వగ్స్” అన్నారు. వగ్ అనే జీవి లోకంలో లేదు, కాబట్టి దాని బహువచనం ఎవరి నోటా విని ఉండే వీల్లేదు. పిల్లలు మాటల్ని దాచుకోవడంతో ఆగరని, మాటల్ని తయారుచేసే పద్ధతిని కూడా పట్టుకుంటారని చెప్పడానికి ఈ ప్రయోగాన్నే ఇప్పటికీ ముందు చూపిస్తారు.

తెలుగు పిల్లల మీదా పని జరిగింది. వాళ్ళు సంయుక్తాక్షరాల్ని ఎలా దారికి తెచ్చుకుంటారో నిర్మల చెర్వెల 1981లో ‘జర్నల్ ఆఫ్ చైల్డ్ లాంగ్వేజ్’లో ఒక పత్రం రాశారు. ఇంట్లో పసిపిల్లలున్నవాళ్ళకు ఇది రోజూ వినిపించేదే. ‘పుస్తకం’ అనలేని పిల్ల ‘పుతకం’ అని ఊరుకోదు, ‘పుత్తకం’ అంటుంది. స, త రెండూ ఒకేచోట పలకడం నాలుకకు కష్టం, కాబట్టి త మీదే త ఒత్తి పెట్టి మాట తూకం చెడకుండా చూసుకుంటుంది. ముద్దుమాట అని మనం నవ్వేదాంట్లో ఇంత పద్ధతి ఉంది.

పిల్లలు ఇంత తొందరగా ఎలా నేర్చేసుకుంటారా అని ఆశ్చర్యపోని తల్లిదండ్రులుండరు. నేనూ అంతే. అయితే ఈ విషయం మీద జరిగిన ప్రయోగాల గురించి చదివినకొద్దీ నా ఆశ్చర్యం చోటు మారింది. తొందర మనకు చివర్లో కనబడేది. మాట నోట్లోంచి ఊడిపడేసరికి దాని వెనక నెలల తరబడి పని అయిపోయి ఉంటుంది. ఆ పని మన ఎదుటే జరుగుతుంది, ఉయ్యాల్లో, చంకలో, వంటింటి గడప మీద. మనం చూసేది దాని ఫలితాన్నే కాబట్టి నిన్న లేనిది ఇవాళ ఊడిపడిందనుకుంటాం.

మేముండేది ఊర్జానగర్‌లో. చంద్రపూర్ ఊరి అంచున, దుర్గాపూర్ బొగ్గు గనుల పక్కన, మహారాష్ట్ర ప్రభుత్వ విద్యుత్ సంస్థ మహాజెన్‌కో వారి థర్మల్ కేంద్రాన్ని అంటుకుని ఉన్న కాలనీ ఇది. కేంద్రం సామర్థ్యం 2920 మెగావాట్లు. దానికోసమే కాలనీ పుట్టింది. ఈ జిల్లాకు తెలుగువాళ్ళు కొత్త కాదు. బల్లార్‌పూర్ కాగితం మిల్లు, బొగ్గు గనులు, కాజీపేట నుంచి బల్లార్షాకు వచ్చే రైలు దారి తరాలుగా మనవాళ్ళను ఇటు తెస్తూనే ఉన్నాయి. పక్కనే గడ్చిరోలి జిల్లాలో, ప్రాణహిత ఒడ్డున ఉన్న సిరొంచకు పోతే బజార్లో వినబడేదే తెలుగు. ఊర్జానగర్‌లో మాత్రం తెలుగు గుమ్మం లోపలే. గుమ్మం దాటితే మరాఠీ, కిరాణా దుకాణంలోనూ పిల్లల ఆటల్లోనూ హిందీ. తాడోబా అడవి దగ్గర కావడంతో థర్మల్ కేంద్రం చుట్టుపక్కల పొదల్లో చిరుతలూ పులులూ తిరగడం ఇక్కడ మామూలు కబురే. చీకటి పడితే చిన్నపిల్లల్ని బయట వదలరు. అందువల్ల సాయంత్రాలు నాలుగైదు ఇళ్ళ పిల్లలు ఏదో ఒక వరండాలో చేరతారు. ఆ వరండాలో మూడు భాషలు ఒకేసారి నడుస్తాయి. మా అమ్మాయి బడి అదే.

ఈ బడిలో చేరిక పుట్టకముందే మొదలవుతుందంటే అతిశయోక్తి అనిపించవచ్చు. కడుపులో ఉన్న చివరి మూడు నెలల్లో బిడ్డకు చెవులు పనిచేస్తాయి. అమ్మ మాటల్లో అక్షరాలు స్పష్టంగా వినిపించవుగానీ ఎత్తుపల్లాలు, లయ వినిపిస్తాయి. 2010లో కెనడాలోని వాంకూవర్‌లో క్రిస్టా బయర్స్-హైన్‌లైన్, జానెట్ వెర్కర్ బృందం అప్పుడే పుట్టిన పిల్లల మీద ఒక ప్రయోగం చేసింది. నోట్లో పీక పెట్టి, ఏ భాష వినిపించినప్పుడు ఎంత గట్టిగా చీకుతున్నారో కొలిచారు. ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడే తల్లుల పిల్లలు ఇంగ్లీషు వైపు మొగ్గారు. గర్భంతో ఉన్నప్పుడు ఇంగ్లీషూ, ఫిలిప్పీన్స్ భాష తగలోగూ రెండూ మాట్లాడిన తల్లుల పిల్లలు రెండింటి మీదా ఆసక్తి చూపారు. పైగా ఆ రెండూ వేర్వేరని కూడా గుర్తుపట్టారు. పుట్టి నిండా వారం కాని పిల్లల సంగతి ఇది.

వెర్కర్ పేరు ఇంకోచోట మన భాషలతో ముడిపడి ఉంది. ‘తాత’, ‘టాటా’ అనే రెండు మాటలు తీసుకోండి. మనకు వీటి మధ్య తేడా పగలూ రాత్రీ అంత. ఇంగ్లీషు వాళ్ళ చెవికి త, ట రెండూ ఒకటే. 1984లో వెర్కర్, రిచర్డ్ టీస్ కలిసి హిందీలోని ఈ త–ట తేడాను ఇంగ్లీషు ఇళ్ళల్లో పెరిగే పసిపిల్లలకు వినిపించారు. పిల్లను తల్లి ఒళ్ళో కూచోబెట్టి ఒకే శబ్దం వరసగా వినిపిస్తారు. శబ్దం మారిన క్షణంలో పిల్ల తల తిప్పితే పక్కన పెట్టెలో ఒక బొమ్మ వెలిగి ఆడుతుంది. బొమ్మ కోసం పిల్లలు తొందరగానే ఆటలో పడతారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు దాదాపు అందరూ త ఎక్కడ ట అయిందో పట్టేశారు. హిందీ జన్మలో విననివాళ్ళు. పది పన్నెండు నెలలు వచ్చేసరికి ఆ పట్టు చాలామందిలో జారిపోయింది.

పుట్టినప్పుడు ప్రపంచంలోని ఏ భాష శబ్దాలనైనా పట్టగల చెవి, ఏడాది తిరిగేసరికి ఇంట్లో వినబడే శబ్దాలకు పదునెక్కి మిగతావాటికి మొద్దుబారుతుంది. నేర్చుకోవడమంటే పోగేసుకోవడమే అనుకుంటాం. పసిపిల్ల నేర్చుకునేదాంట్లో సగం వదులుకోవడమే. ఊర్జానగర్‌లో దీని ఫలితం కళ్ళారా చూస్తున్నాను. వాడుక తెలుగులో ఒత్తక్షరాల పట్టింపు తక్కువ. మా అమ్మ మరాఠీ ‘భాత్’ను, అంటే అన్నాన్ని, ‘బాత్’ అనే అంటుంది. హిందీలో అది ‘మాట’ అవుతుంది. పసితనం నుంచి రెండూ విన్న మనవరాలికి ఈ రెండు శబ్దాలూ వేరు. “నాయినమ్మా, భాత్!” అని దిద్దుతుంది. ఆమె మళ్ళీ ‘బాత్’ అంటుంది. ఇద్దరూ పట్టు వదలరు. నాయినమ్మ మొండితనం కాదది, ఆ తలుపు ఆమెకు డెబ్భై ఏళ్ళ కిందటే మూసుకుంది.

శబ్దాల తర్వాత మాటలు. ఇక్కడ పెద్దలకు తట్టని చిక్కు ఒకటుంది. రాతలో మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉంటుంది, మాట్లాడేటప్పుడు ఉండదు. ‘బువ్వతిందువురాతల్లీ’ అని ఒక్క ఊపున అంటాం. ఇందులో ఒక మాట ఎక్కడ ఆగింది, ఇంకోటి ఎక్కడ మొదలైందో ఒక్క మాటా తెలియని పిల్లకు ఎలా తెలుస్తుంది? 1996లో జెన్నీ సాఫ్రాన్, రిచర్డ్ ఆస్లిన్, ఎలిస్సా న్యూపోర్ట్ ‘సైన్స్’ పత్రికలో దీనికి జవాబిచ్చారు. బిడాకు, పడోటి, గోలాబు, టుపీరో లాంటి అర్థం లేని మాటల్ని కలగలిపి, మధ్యలో విరామం గానీ స్వరంలో ఎగుడుదిగుడు గానీ లేకుండా యంత్రం చేత పలికించి ఎనిమిది నెలల పిల్లలకు వినిపించారు. రెండంటే రెండు నిమిషాలు. ఆ తర్వాత అసలు మాటలూ, ఒక మాట తోకను ఇంకో మాట తలకు అతికించినవీ వేర్వేరుగా వినిపిస్తే పిల్లలు అతుకుల మాటల్ని ఎక్కువసేపు విన్నారు. అవి వాళ్ళకు కొత్తగా తోచాయి.

కిటుకు లెక్కలో ఉంది. ‘బిడా’ తర్వాత ఎప్పుడూ ‘కు’ వస్తుంది. ‘కు’ తర్వాత మాత్రం మిగతా మూడు మాటల్లో ఏదైనా రావచ్చు. మన బువ్వకూ ఇదే లెక్క. ‘బు’ వినబడితే మా ఇంట్లో దాని వెనక దాదాపు ఎప్పుడూ ‘వ్వ’ ఉంటుంది. ఆ ‘వ్వ’ తర్వాత తిందువు రా, పెట్టనా, వద్దా, అయిపాయె, ఏదైనా రావచ్చు. గట్టిగా అతుక్కున్నది ఒక మాట, వదులుగా ఉన్నచోట మాట తెగుతుంది. ఎనిమిది నెలల పిల్ల ఈ లెక్క వేస్తోందని తనకూ తెలియదు, మనకూ తెలియదు. అర్థం పట్టుకోవడమూ అప్పుడే మొదలైపోతుంది. ఎలికా బెర్గెల్సన్, డేనియల్ స్వింగ్లీ 2012లో ఆరు నుంచి తొమ్మిది నెలల పిల్లల ముందు రెండేసి బొమ్మలు పెట్టి, తల్లి ఒకదాని పేరు పలికినప్పుడు పిల్ల చూపు ఎటు పోతుందో చూశారు. తిండి పదార్థాల పేర్లు, శరీర భాగాల పేర్లు కొన్ని అప్పటికే తెలుసని తేలింది. మొదటి మాట నోట రావడానికి ఇంకా మూణ్ణాలుగు నెలలు టైముంది.

ఒక మాట పుట్టుకను మొదటి నుంచి చివరిదాకా చూసిన తండ్రి ఒకాయన ఉన్నాడు. ఎమ్‌ఐటీలో పనిచేసే డెబ్ రాయ్, ఆయన భార్య రూపల్ పటేల్. ఆమె కూడా వాక్ శాస్త్రవేత్తే. 2005లో కొడుకు పుట్టగానే ఇంటి పైకప్పుల్లో 11 కెమెరాలు, 14 మైక్రోఫోన్లు బిగించారు. మూడేళ్ళ పాటు ఇంట్లో జరిగిందంతా రికార్డు చేశారు: సుమారు 90 వేల గంటల వీడియో, లక్షా 40 వేల గంటల ఆడియో. (ఏ ఇంట్లోనైనా మూడేళ్ళ మాటలు రికార్డయితే భార్యాభర్తలు కలిసి ఉండటమే గొప్ప. వీళ్ళు ఆ టేపుల మీద పరిశోధన కూడా చేశారు.) పిల్లవాడు ‘వాటర్’ అనడానికి ‘గాగా’తో మొదలుపెట్టాడు. అది వాటర్‌గా నిలబడటానికి ఆర్నెల్లు పట్టింది. మధ్యలో వందల రూపాలు, రెండడుగులు ముందుకీ ఒకడుగు వెనక్కీ. రాయ్ 2011లో ఒక ఉపన్యాసంలో ఆ ఆర్నెల్లనూ 40 సెకండ్లకు కుదించి వినిపించాడు. అది వింటే ‘ఒక్కరోజులో వచ్చేసింది’ అనే మాట మళ్ళీ అనబుద్ధి కాదు.

ఆ రికార్డుల్లోంచి ఇంకో సంగతి బయటపడింది, అది పిల్లవాడి గురించి కాదు. తల్లి, తండ్రి, ఆయా ముగ్గురూ, పిల్లవాడికి ఒక మాట రాబోయే ముందు, ఆ మాట ఉన్న వాక్యాల్ని తమకు తెలియకుండానే పొట్టిగా చేస్తూ వచ్చారు. మాట వచ్చేశాక మెల్లగా మళ్ళీ పొడుగు చేశారు. ఎవరూ అనుకుని చెయ్యలేదు. పిల్లవాడు నేర్చుకుంటున్నాడు సరే, పెద్దవాళ్ళ చేత ఆ పాఠానికి తగ్గట్టు మాట్లాడించింది కూడా వాడే.

2015లో ఇదే సమాచారం మీద బ్రాండన్ రాయ్ బృందం మరో ప్రశ్న వేసింది. ఏ మాట ముందు వస్తుంది? ఎక్కువసార్లు విన్నదే అని మనం అనుకుంటాం. వినడం లెక్కలోకి వస్తుంది, కాదనలేం. అయితే అంతకంటే బలంగా పనిచేసేది మాటకున్న ప్రత్యేకత అని తేలింది. ఇంట్లో ఒకేచోట, రోజులో ఒకే వేళకు, ఒకేరకం సందర్భంలో వినబడే మాట త్వరగా వస్తుంది. అన్నిచోట్లా అన్నివేళలా దొర్లే మాట ఆలస్యమవుతుంది.

మా అమ్మాయి మొదటి మాటల్లో అమ్మ ఉంది, బాపు ఉంది, మూడోది ‘కూల’. చాలా రోజులు అర్థం కాలేదు. అది కూలర్. చంద్రపూర్‌లో మే నెలలో 45 డిగ్రీలు దాటడం వార్త కాదు. మధ్యాహ్నమైతే కిటికీకి బిగించిన కూలర్‌లో బకెట్లతో నీళ్ళు పోసి, మోటర్ వేసి, తడిసిన గడ్డి వాసనతో గాలి రాగానే అందరం దాని ముందు చేరతాం. పది నెలల పిల్లకు అంతకంటే ప్రత్యేకమైన చోటు, వేళ, చప్పుడు ఇంకేముంటాయి? దాంతో పోలిస్తే రోజుకు వందసార్లు వినే ‘అది’, ‘ఉంది’, ‘కూడా’ చాలా ఆలస్యంగా వచ్చాయి. ‘కూడా’ ఇంకా పూర్తిగా రాలేదు.

మాట ఒక్కటే కాదు, నడకా ఇంతే. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో కారెన్ అడాల్ఫ్ బృందం 2012లో ఏడాది నుంచి ఏడాదిన్నర దాటిన పిల్లల్ని ఆడుకోనిచ్చి అడుగులు లెక్కపెట్టింది. సగటున గంటకు 2,368 అడుగులు, 17 సార్లు పడటం. గంటకు! పెద్దవాడెవడైనా సైకిలు నేర్చుకుంటూ గంటకు పదిహేడుసార్లు పడితే మర్నాడు సైకిలు అమ్మేస్తాడు. ఈ కష్టానికి తిండి కూడా కావాలి. క్రిస్టఫర్ కుజావా బృందం 2014లో వేసిన లెక్క ప్రకారం నాలుగైదేళ్ళ పిల్లల మెదడు, ఒళ్ళు విశ్రాంతిగా ఉన్నప్పుడు ఖర్చయ్యే శక్తిలో మూడింట రెండొంతులు తనే లాగేసుకుంటుంది. ఆ వయసులో ఒళ్ళు నెమ్మదిగా పెరిగేది అందుకేనని వాళ్ళ వాదన. నిద్ర కూడా పనిలో భాగమే. పదిహేను నెలల పిల్లలకు కల్పిత భాష ఒకటి వినిపిస్తే, మధ్యలో కునుకు తీసిన పిల్లలే అందులోని నమూనాను పట్టుకున్నారని రెబెకా గోమెజ్ బృందం 2006లో చూపింది. మధ్యాహ్నం పిల్లను నిద్రపుచ్చితే ఇల్లు సద్దుమణుగుతుంది, పిల్ల బుర్రలో మాత్రం పని సాగుతూనే ఉంటుంది.

చూసి నేర్చుకోవడంలోనూ పిల్లలు మనం అనుకున్నంత గుడ్డిగా చెయ్యరు. ఒక ప్రయోగంలో గెర్గెలీ, బెకరింగ్, కిరాయ్ అనే పరిశోధకులు పద్నాలుగు నెలల పిల్లల ఎదుట ఒక మనిషి చేత బల్ల మీది దీపాన్ని నుదుటితో నొక్కి వెలిగించారు. కొందరు పిల్లలు చూసినప్పుడు ఆ మనిషి చేతులు ఖాళీగా బల్ల మీద ఉన్నాయి. ఇంకొందరు చూసినప్పుడు చలికి దుప్పటి కప్పుకుని రెండు చేతులతో పట్టుకుని ఉంది. తర్వాత పిల్లలకు దీపం ఇస్తే, చేతులు ఖాళీగా ఉండగా చూసినవాళ్ళలో 69 శాతం మంది నుదుటితోనే నొక్కారు. దుప్పటి చూసినవాళ్ళలో ఆ పని చేసింది 21 శాతమే. మిగతావాళ్ళు హాయిగా చేత్తో నొక్కేశారు. ‘ఆవిడకు చేతులు ఖాళీ లేవు, నాకు ఉన్నాయిగా’ అన్న ఆలోచన లేకపోతే ఈ తేడా ఎలా వస్తుంది? ఇది 2002 నాటి సంగతి. కూరగాయల సంచులు రెండు చేతులా పట్టుకుని మోకాలితో గేటు తోసుకుని వచ్చే నన్ను మా అమ్మాయి వారానికోసారి చూస్తుంది. తను ఒక్కసారీ మోకాలు వాడలేదు.

మూడు భాషల ఇంటికి వచ్చే చుట్టాలందరిదీ ఒకటే సలహా. ఒక్క భాషే మాట్లాడండి, పిల్ల గందరగోళపడుతుంది, మాటలు ఆలస్యమవుతాయి. చదువుకున్నవాళ్ళూ ఇదే అంటారు. నాకు ఈ సలహా మీద గౌరవం పోయింది. రెండు భాషల పిల్లలకు ఒక్కో భాషలో మాటలు కాస్త తక్కువగా ఉండవచ్చు. రెండూ కలిపి లెక్కేస్తే ఒకే భాష పిల్లలతో సమానంగానే ఉన్నాయని 1990లలో మయామీలో బార్బరా పియర్సన్ బృందం స్పానిష్–ఇంగ్లీషు పిల్లల్లో కొలిచి చూసింది. ఒడిశాలో అజిత్ మొహంతి కోందు గిరిజన పిల్లల మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. కుయి, ఒడియా రెండూ వచ్చిన పిల్లలు ఒక్క ఒడియానే వచ్చిన తోటి కోందు పిల్లలకంటే భాష గురించి ఆలోచించే పరీక్షల్లో ముందున్నారని చూపారు. గోండి మాట్లాడే ఇళ్ళు ఇన్ని ఉన్న చంద్రపూర్‌లో ఈ ఫలితాన్ని ప్రతి అంగన్‌వాడీ గోడ మీదా రాసిపెట్టాలని నాకనిపిస్తుంది.

గందరగోళం సంగతికి వస్తే, మా వరండాలో నేను చూసిన ఒక చిన్న విషయం చెబుతాను. తెలుగులో ‘తిన్నాను’ అని ఆడపిల్లా అంటుంది, మగపిల్లవాడూ అంటాడు. మరాఠీలో అలా కుదరదు. ఇక్కడి యాసలో మగపిల్లవాడు ‘మీ జేవ్‌లో’ అంటాడు, ఆడపిల్ల ‘మీ జేవ్‌లీ’ అంటుంది. పక్కింటి నాలుగేళ్ళ అబ్బాయి రోజంతా ‘జేవ్‌లో, ఆలో, గేలో’ అంటూ తిరుగుతాడు, మా అమ్మాయి వాడి వెనకే తిరుగుతుంది. నాకొచ్చిన రెండు ముక్కల మరాఠీలోనూ ‘లో’యే వినబడుతుంది. అయినా తను ఆజీతో “మీ జేవ్‌లీ” అంటుంది. ఎక్కణ్ణుంచి తెచ్చింది? ఆజీ అడిగే ప్రశ్నలోంచి. “జేవ్‌లీ కా?” అని తనను అడుగుతుంది, “జేవ్‌లా కా?” అని అబ్బాయిని అడుగుతుంది. చుట్టూ అందరూ తమ గురించి తాము అనే మాటల్ని పక్కనపెట్టి, తనను ఉద్దేశించి అడిగినదాంట్లోంచి తన మాట తీసుకుంది. పెద్దయ్యాక మరాఠీ నేర్చుకున్న తెలుగు ఆడవాళ్ళు ఈ ‘లీ’ దగ్గర తడబడటం ఈ కాలనీలోనే ఎన్నిసార్లో విన్నాను.

ఇంత సున్నితమైన పాఠం ఫోన్ తెర నేర్పగలదా? సియాటిల్‌లో పెట్రీషియా కూల్ 2003లో దీన్ని తేల్చింది. తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకు నాలుగు వారాల్లో పన్నెండు విడతలుగా చైనీస్ మాండరిన్ వినిపించారు. కొందరికి మనిషి ఎదురుగా కూచుని బొమ్మలతో, పుస్తకాలతో మాట్లాడింది. కొందరికి అదే మనిషి, అవే మాటలు టీవీలో. ఇంకొందరికి శబ్దం ఒక్కటే. మనిషితో గడిపిన పిల్లలు మాండరిన్ శబ్దాల తేడాను తైవాన్ పిల్లల్లాగే పట్టుకున్నారు. టీవీ పిల్లలకూ శబ్దం ఒక్కటే విన్న పిల్లలకూ ఏమీ అంటలేదు. రెండేళ్ళ లోపు పిల్లలకు తెరలే వద్దని భారతీయ పిల్లల వైద్యుల సంఘం 2021లో మార్గదర్శకాలిచ్చింది. ఇంటివాళ్ళతో అప్పుడప్పుడూ వీడియో కాల్ మాత్రం ఫరవాలేదంది. ఆ మినహాయింపుకూ ఆధారం ఉంది. రెండేళ్ళు దాటిన పిల్లలు రికార్డు చేసిన వీడియో నుంచి కొత్త క్రియాపదాలు నేర్వలేకపోయినా, అటువైపు మనిషి జవాబిచ్చే వీడియో కాల్ నుంచి ఎదురుగా ఉన్నట్టే నేర్చుకున్నారని సారా రోజ్‌బెరీ బృందం 2014లో చూపింది. ఆసిఫాబాద్ నుంచి నాయినమ్మ ఫోన్‌లో “ఏం తిన్నవ్ బిడ్డా?” అని అడిగి, జవాబు కోసం ఆగి, “పప్పా? నాకేదీ?” అని మళ్ళీ అడగడం దగ్గరుంది తేడా అంతా.

ఒక్క మాట జాగ్రత్త కోసం. పిల్లలందరూ ఒకే వేగంతో రారు, తేడాలు చాలా పెద్దవే. కానీ ఏడాదిన్నరకు ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్ళకు ‘బాపు రా’, ‘పాలు ఇయ్యి’ లాంటి రెండు మాటల జతలు లేకపోయినా, వచ్చిన మాటలు పోతున్నా, ‘వాళ్ళ నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయిలే’ అని కూచోకూడదు. మొదట చూపించాల్సింది చెవులు. ముంబైలోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ పనే ఇది, దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్‌లో ఉంది. మూడు భాషల మీద నెపం వేసి నెలలు పోగొట్టుకున్న ఇళ్ళు నాకు తెలుసు.

మా అమ్మాయిలో ఇప్పుడు నేను చూస్తున్నది మనం, మేము సంగతి. ఎదుటివాళ్ళను కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము. హిందీ ‘హమ్’కు ఈ తేడా లేదు. మరాఠీకి ఉంది, ‘ఆపణ్’ అంటే మనం, ‘ఆమ్హీ’ అంటే మేము. ద్రావిడ భాషల పొరుగున ఉండటం వల్లే మరాఠీకి ఈ అలవాటు అబ్బిందని భాషావేత్తలు అంటారు. తెలుగులో మా అమ్మాయి ఇంకా తికమకలోనే ఉంది. చెప్పులు తొడుక్కుని గేటు దగ్గర నిలబడి “బాపూ, మేము పోదాం” అంటుంది, నన్ను తీసుకుపోతుందో వదిలేసి పోతుందో తేలదు. ఆజీతో మాత్రం “ఆపణ్ జాఊ” అని సరిగ్గా అంటుంది. మొదట నాకు కాస్త ఉక్రోషం వచ్చింది, ఇంటి భాషలో రానిది పక్కింటి భాషలో వచ్చిందని. తర్వాత గమనించాను. ఆజీ ఆ మాటను రోజూ ఒకే గుమ్మంలో నిలబడి, సాయంత్రం గుడికి బయల్దేరే వేళకే, చెయ్యి పట్టుకుని అంటుంది. మా ఇంట్లో మనం, మేము పొద్దున లేచింది మొదలు అన్ని గదుల్లోనూ కలిసే దొర్లుతుంటాయి.